పంటి ఇంప్లాంట్ తర్వాత: నొప్పి తగ్గాకే అసలు జాగ్రత్త

పన్ను పోయిన చోట కట్టుడు పన్ను పెట్టించుకోవడం మన పెద్దల కాలం నుంచి ఉన్నదే. రాత్రి తీసి గిన్నెడు నీళ్ళలో వేసి, పొద్దున్నే మళ్ళీ పెట్టుకునే పళ్ళ సెట్టును చాలా ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు దవడ ఎముకలోనే చిన్న మర బిగించి, దానిమీద పన్ను అమర్చే ఇంప్లాంట్ వైద్యం విజయవాడలోనూ, చుట్టుపక్కల పట్టణాల్లోనూ దొరుకుతోంది. ఖర్చు కొంచెం ఎక్కువే. కొందరు పంట డబ్బు చేతికి వచ్చాక, కొందరు పిల్లలు పంపిన డబ్బుతో, ఎన్నో నెలలు ఆలోచించి వేయించుకుంటారు. అంత ఖర్చు పెట్టి వేయించుకున్నది నిలబడాలంటే ఆపరేషన్ గదిలో డాక్టరు చేసే పని సగమే. మిగతా సగం ఇంట్లో జరగాలి.

వేయించుకున్నవారు, వారి ఇంటివారు మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ మొదటి మూడు రోజుల గురించే ఉంటాయి. వాపు ఎప్పుడు తగ్గుతుంది? అన్నం ఎప్పుడు తినవచ్చు? స్నానం చేయవచ్చా? ఇవన్నీ అడగవలసినవే. కాని మూడో వారం గురించి అడిగేవారు అరుదు. అప్పటికి నొప్పి ఉండదు, కుట్లు తీసేసి ఉంటారు, చిగురు మానినట్టు కనిపిస్తుంది. "ఇంకేముంది, అయిపోయింది" అనుకుని జంతికలు కొరికేవారు, మానేసిన చుట్ట మళ్ళీ వెలిగించేవారు ఉంటారు. నిజానికి ఇంప్లాంట్ పట్టు కాస్త సడలి ఉండే రోజులు అవే. అందుకే ఈ వ్యాసంలో మొదటి రోజు నుంచి పన్ను అమర్చే రోజు వరకు ఏ దశలో ఏం జరుగుతుందో, మనం ఏం చేయాలో వరుసగా చెబుతున్నాం.

లోపల ఏం జరుగుతుంది?

ఇంప్లాంట్ అంటే టైటానియం అనే లోహంతో చేసిన చిన్న మర. సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పన్ను వేరు ఉండవలసిన చోట ఎముకలో దీన్ని బిగిస్తారు. ఎముక దీన్ని గట్టిగా పట్టుకున్న తర్వాత పైన పన్ను ఆకారంలో ఉండే తొడుగు అమరుస్తారు.

ఎముక లోహాన్ని పట్టుకుంటుందని తెలిసింది అనుకోకుండానే. 1952లో స్వీడన్ దేశపు వైద్య పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్, ఎముకలో రక్తప్రసరణ ఎలా ఉంటుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయి ఉంది. చాలా ఏళ్ళు పరీక్షించిన తర్వాత 1965లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో టైటానియం ఇంప్లాంట్లు వేశారు. ఆయనకు పుట్టుకతోనే దవడ, అంగిలి లోపాలు ఉన్నాయి. 2006లో చనిపోయేవరకు, అంటే 40 ఏళ్ళకు పైగా, ఆ ఇంప్లాంట్లతోనే ఆయన భోజనం చేశారు.

మర బిగించిన రోజున అది గోడలో దిగిన మేకులాగా బిగుతుగానే ఉంటుంది. ఆ బిగుతు పాత ఎముక ఒత్తిడి వల్ల వచ్చింది. తర్వాతి వారాల్లో శరీరం మర చుట్టూ నలిగిన పాత ఎముకను కొంచెం కొంచెంగా తీసేసి, ఆ చోట కొత్త ఎముకను కడుతుంది. పాతది కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడకుండా ఉన్న కాలం ఒకటి మధ్యలో వస్తుంది. చాలామందిలో అది మూడు, నాలుగు వారాల ప్రాంతంలో ఉంటుంది. ఆ రోజుల్లో మర పట్టు మొదటి రోజు కంటే తక్కువగా ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ పెరుగుతూ పోతుంది.

డెల్టాలో వ్యవసాయం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. నారుమడి నుంచి పీకి నాటిన మొక్క మొదట బురద పట్టుతో నిలబడుతుంది. తర్వాత కొద్దిరోజులు ఆకు పసుపు తిరిగి, వాడినట్టు కనిపిస్తుంది. కొత్త వేరు తొడిగాక చేను మూన తిరుగుతుంది. మూన తిరగకముందే ఎవరైనా మొక్కను పట్టి ఊపి "నాటుకుందా లేదా" అని చూస్తారా? ఇంప్లాంట్ విషయంలోనూ అంతే. తేడా ఒక్కటే. చేనులో ఆకు పసుపు కంటికి కనబడుతుంది. నోటిలో ఏమీ కనబడదు, నొప్పీ ఉండదు.

ఆ సమయంలో మర పదేపదే కదిలితే, మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ కదలిక అయినా సరే, దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం ఏర్పడుతుంది. అలా జరిగితే ఇంప్లాంట్ ఎప్పటికీ గట్టిపడదు. తీసేసి, ఎముక మానేవరకు నెలలు ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

సాధారణంగా కింది దవడకు సుమారు మూడు నెలలు, పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు ఆగుతారు. పై దవడ ఎముక స్పాంజిలా మెత్తగా ఉంటుంది కనుక అక్కడ ఎక్కువ సమయం పడుతుంది. ఈ మధ్య గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లు రావడంతో, ఎముక గట్టిగా ఉన్నవారికి ఇంకా ముందే పన్ను అమర్చగలుగుతున్నారు. ఎముక తక్కువగా ఉండి ఎముక పొడి వేసినవారికి ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. పక్కింటివారికి రెండు నెలలకే పన్ను పెట్టారని మీరు తొందరపడవద్దు. మీ ఎముకను ఎక్స్‌రేలో చూసిన డాక్టరు మాటే మీకు లెక్క.

మొదటి రోజు

మత్తు ఇంజక్షన్ ప్రభావం రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. అంతవరకు ఏమీ నమలవద్దు. పెదవి, బుగ్గ, నాలుక మొద్దుబారి ఉంటాయి కనుక కొరుక్కున్నా తెలియదు. వేడి కాఫీ తాగితే నోరు కాలినా తెలియదు.

డాక్టరు పెట్టిన గాజుగుడ్డను అరగంట నుంచి గంటసేపు గట్టిగా నొక్కి పట్టి ఉంచండి. మాటిమాటికీ తీసి చూడవద్దు. మొదటి రోజు ఉమ్ములో ఎర్రదనం కనిపించడం మామూలే. ఒక్క చుక్క రక్తం కలిసినా ఉమ్ము అంతా ఎర్రగా కనిపిస్తుంది, భయపడకండి. రక్తం ఎక్కువగా వస్తుంటే తడిపిన గాజుగుడ్డ మడత పెట్టి అరగంట కదపకుండా కొరికి పట్టండి.

గాయంలో గడ్డకట్టిన రక్తమే మానడానికి పునాది. దాన్ని కదిలించే పనులేవీ ఆ రోజు చేయవద్దు. పుక్కిలించవద్దు, గట్టిగా ఉమ్మవద్దు, స్ట్రాతో పీల్చవద్దు. కొబ్బరి బొండం మంచిదే, కాని స్ట్రా వేసుకోకుండా గ్లాసులో పోసుకుని తాగండి. నాలుకతోనో వేలితోనో కుట్లను తడమవద్దు. పలకరించడానికి వచ్చిన చుట్టాలకు పెదవి లాగి చూపించవద్దు. కుట్లు అలాగే తెగుతాయి.

బుగ్గ మీద బయటి నుంచి ఐస్ పెట్టండి. శుభ్రమైన గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టడం, అంతేసేపు తీసివేయడం, మెలకువగా ఉన్నంతసేపు ఇలా చేయాలి. ఇది మొదటి 24 నుంచి 48 గంటల వరకే. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు దుకాణంలో దొరికే చల్లటి నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి వాడుకోవచ్చు. రాత్రి రెండు దిళ్ళు వేసుకుని తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకుంటే వాపు తగ్గుతుంది.

దూరం నుంచి వచ్చేవారికి ఒక మాట. అవనిగడ్డ, మచిలీపట్నం, కైకలూరు వైపు నుంచి వచ్చి ఆ సాయంత్రమే బస్సెక్కేవారు వెంట ఒక మనిషిని తెచ్చుకోండి. ఇచ్చిన గాజుగుడ్డలు, మందులు, మంచినీళ్ళు చేతిసంచిలోనే ఉంచుకోండి. మొదటి నొప్పి మాత్రను మత్తు దిగకముందే, డాక్టరు చెప్పిన వేళకు వేసుకుంటే దారిలో ఇబ్బంది పడరు.

రెండో రోజు నుంచి వారం వరకు

వాపు రెండో రోజు, మూడో రోజు పెరుగుతుంది. నిన్నటి కంటే ఇవాళ బుగ్గ పెద్దదయిందని చాలామంది కంగారు పడతారు. సాధారణంగా 48 నుంచి 72 గంటల మధ్య వాపు గరిష్ఠంగా ఉండి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. కొందరికి బుగ్గ మీద, గడ్డం కింద నీలంగా, తర్వాత పసుపుగా మచ్చ కనిపిస్తుంది. వారం, పది రోజుల్లో అది పోతుంది.

24 గంటలు గడిచాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ మెల్లగా వంచి, నీళ్ళను వాటంతట అవే జారిపోనివ్వండి. గడగడ పుక్కిలించవలసిన అవసరం లేదు. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ మందు రాసి ఇస్తే చెప్పినన్ని రోజులే వాడండి. దానివల్ల పళ్ళమీద గోధుమరంగు మరకలు పడవచ్చు, రుచి కాస్త మారవచ్చు. మందు ఆపాక రుచి సరిపోతుంది, మరకలను డాక్టరు శుభ్రం చేస్తారు. పేస్టుతో తోముకున్న అరగంట తర్వాత ఈ మందు వాడితే బాగా పనిచేస్తుంది.

మిగతా పళ్ళను మెత్తటి బ్రష్‌తో తోముకోవాలి. నొప్పిగా ఉందని నోరు మొత్తం తోమకుండా వదిలేస్తే సూక్ష్మజీవులు పెరిగి గాయానికే చేటు. అయితే వేపపుల్ల, పళ్ళపొడి, బొగ్గు, ఉప్పు వంటివి గాయం దగ్గరకు రానివ్వవద్దు. లవంగ నూనె పంటి నొప్పికి మందే గాని కుట్లు ఉన్న చిగురు మీద పోస్తే మంట పుట్టి కాలుతుంది. పసుపు అద్దడం, బుగ్గకు వేడి ఉప్పు మూట కాపడం పెట్టడం కూడా వద్దు.

మొదటి రెండు మూడు రోజులు బరువులు ఎత్తడం, వంగి చేసే పొలం పని, ఎండలో తిరగడం మానండి. తలకు రక్తం పోటెత్తితే గాయం మళ్ళీ కారుతుంది. కుట్లు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు. కరిగిపోయే దారమైతే తీయనక్కర్లేదు.

పై దవడ వెనుక భాగంలో ఇంప్లాంట్ వేసినవారు రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. ముక్కు పక్కనే ఉన్న సైనస్ గదికి, ఇంప్లాంట్‌కి మధ్య ఎముక పలుచగా ఉంటుంది. సన్నాయి, క్లారినెట్ వంటి ఊదే వాయిద్యాలు వాయించేవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. గాయక బృందంలో పాడేవారు కూడా మొదటి వారం గొంతెత్తి పాడకుండా విశ్రాంతి తీసుకోవడం మంచిది.

ఏం తినాలి? పథ్యం సంగతి

మన ఇళ్ళలో ఏ ఆపరేషన్ అయినా పథ్యం మొదలవుతుంది. "పప్పు తింటే చీము పడుతుంది", "గుడ్డు వద్దు, చేప వద్దు, పెరుగు చలువ" అంటూ చారన్నంతో సరిపెడతారు. పప్పు తినడం వల్ల చీము పట్టదు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. కొత్త ఎముక, కొత్త చిగురు కట్టడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులో, చేపలో ఉన్నాయి. కాబట్టి వీటిని మానవద్దు, మెత్తగా చేసి పెట్టండి.

మొదటి రోజు చల్లారినవి, నమలనవసరం లేనివి: మజ్జిగ, పాలు, చల్లారిన రాగి జావ, పెరుగు, గింజలు లేని పండ్ల రసం. రెండు మూడు రోజుల తర్వాత మెత్తగా ఉడికించిన అన్నం, పెసరకట్టు, ముద్దపప్పు, పాలలో నానిన ఇడ్లీ, ఉప్మా, ఉడికించిన గుడ్డు, సొరకాయ, బీరకాయ కూరలు. ముల్లు లేకుండా తీసిన మెత్తటి చేప కూడా తినవచ్చు. ముల్లు గాయంలో గుచ్చుకోకుండా ఇంట్లో ఎవరైనా ముందే చూసి పెట్టాలి. ఇంప్లాంట్ లేని వైపుతో నమలండి.

కుట్లు ఉన్నన్ని రోజులూ ఆవకాయ, గోంగూర పచ్చడి, బాగా కారం, పులుపు వద్దు. నువ్వులు, ఆవాలు, జామ గింజలు కుట్లలో ఇరుక్కుంటాయి. వేసవిలో నీళ్ళు తక్కువ తాగితే నోరు ఎండి, గాయం ఆలస్యంగా మానుతుంది. నొప్పి అని నీళ్ళు మానవద్దు.

ఉపవాసం గురించి కూడా కొందరు అడుగుతారు. శ్రమదినాల్లో గాని, రంజాన్ మాసంలో గాని ఉపవాసం ఉండేవారు ఆపరేషన్ తేదీని వాటికి ముందో తర్వాతో పెట్టించుకోండి. మొదటి వారంలో మందులను వేళకు, తిండితో పాటు వేసుకోవాలి.

రెండో వారం నుంచి నాలుగో నెల వరకు

ఇదే ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం. కుట్లు తీశాక చిగురు గులాబీరంగులోకి తిరుగుతుంది. నొప్పి మాత్రలు అయిపోతాయి. ఇంటివారు కూడా మరిచిపోతారు. పెళ్ళిళ్ళు, సంక్రాంతి, క్రిస్మస్ విందులు సరిగ్గా అప్పుడే వస్తాయి.

ఆ కాలంలో ఇంప్లాంట్ ఉన్న వైపు గట్టివి కొరకవద్దు. జంతికలు, చేగోడీలు, వేయించిన వేరుశనగలు, మొక్కజొన్న పొత్తు, చెరకు, మాంసం ఎముకలు, ఐస్ ముక్కలు, వక్క ఈ జాబితాలో ముఖ్యమైనవి. సాగే హల్వా, జీళ్ళు కూడా వద్దు. అవి మర మీద మూతలా పెట్టిన చిన్న లోహపు బిళ్ళను లాగుతాయి. బందరు లడ్డూ మెత్తగానే ఉంటుంది, తినవచ్చు. తిన్నాక నోరు కడుక్కోండి. షుగరు ఉన్నవారికి మాత్రం ఈ అనుమతి లేదు.

ముందు పన్ను కాబట్టి బాగుండదని కొందరికి తాత్కాలిక పన్ను అదే రోజు పెడతారు. అది నవ్వడానికే గాని నమలడానికి కాదు. దానితో మామిడికాయ ముక్క కొరికితే బరువంతా లోపలి మర మీదే పడుతుంది. పాత పళ్ళ సెట్టు వాడేవారు డాక్టరు దాన్ని సరిచేసి ఇచ్చేవరకు పెట్టుకోవద్దు. అడుగు భాగం ఇంప్లాంట్ మీద ఒత్తితే మూడు పూటలా దాన్ని కదిపినట్టే అవుతుంది.

నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారికి ఆ సంగతి తెలియదు, పక్కన పడుకున్నవారికి తెలుస్తుంది. ఇంటివారు ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. రాత్రిపూట పెట్టుకునే రక్షణ తొడుగు చేసి ఇస్తారు.

చిగురు పైకి కనిపించే లోహపు బిళ్ళ వదులైతే మీరే బిగించవద్దు. ఊడి వస్తే చిన్న డబ్బాలో భద్రపరిచి, ఒకటి రెండు రోజుల్లోనే తీసుకురండి. ఆలస్యమైతే చిగురు మూసుకుపోతుంది. నొప్పి లేదని మధ్యలో చూపించుకోవడం మానవద్దు. నోటిలో ఏం జరుగుతోందో ఎక్స్‌రే, డాక్టరు వేలు చెప్పగలవు గాని మీ నొప్పి చెప్పలేదు.

చుట్ట, బీడీ, గుట్కా

పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. ఎముక కట్టడానికి కావలసిన రక్తం ఆ చోటికి అందదు. పొగ తాగేవారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివారి కంటే దాదాపు రెట్టింపని అనేక అధ్యయనాల్లో తేలింది. రోజుకు ఎన్ని ఎక్కువ తాగితే ప్రమాదం అంత ఎక్కువ. పైగా పొగ పీల్చినప్పుడల్లా గాయంలోని రక్తపు గడ్డ కదులుతుంది, వేడి చిగురును ఎండబెడుతుంది. గుట్కా, ఖైనీ బుగ్గలో పెట్టుకునేవారికి పొగ లేకపోయినా పొగాకు నేరుగా చిగురునే తగులుతుంది.

కనీసం ఆపరేషన్‌కు ఒక వారం ముందు నుంచి, ఆ తర్వాత రెండు నెలల వరకు పూర్తిగా మానాలి. అన్ని రోజులు మానగలిగినవారు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాలి? ఈ ఇంప్లాంట్ పేరుతో శాశ్వతంగా మానేస్తే పన్నుతో పాటు గుండె, ఊపిరితిత్తులు కూడా దక్కుతాయి. ఇంటివారు సాధించడం, తిట్టడం మాని, చేతికి అందే చోట నుంచి చుట్ట, అగ్గిపెట్టె తీసివేయడం వంటి చిన్న సాయం చేయండి.

షుగరు, గుండె జబ్బు ఉన్నవారికి

షుగరు అదుపులో ఉన్నవారు ఇంప్లాంట్ వేయించుకోవచ్చు. అదుపులో లేనివారిలో గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ. అందుకే ముందుగా హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తారు. ఆపరేషన్ తర్వాత రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. నోరు నొప్పి అని తినకుండా షుగరు మాత్ర గాని ఇన్సులిన్ గాని తీసుకుంటే షుగరు బాగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మెత్తటిదే తినాలి కదా అని రోజంతా తెల్లన్నం జావ, పండ్ల రసాలు తీసుకుంటే షుగరు పెరిగిపోతుంది. మజ్జిగ, పెసరకట్టు, గుడ్డు, పలుచని రాగి జావ కొద్దికొద్దిగా, వేళకు తీసుకోండి. ఆ వారం ఇంట్లో షుగరు ఒకటి రెండుసార్లు ఎక్కువగా పరీక్షించుకోండి.

గుండెకు స్టెంట్ వేసినవారు, పక్షవాతం వచ్చినవారు రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటారు. పంటి ఆపరేషన్ కోసం వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే వచ్చే ప్రమాదం చిగురు నుంచి కారే రక్తం కంటే చాలా పెద్దది. మీ గుండె డాక్టరు, దంత డాక్టరు మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఎముకలు గుల్లబారకుండా వారానికి ఒకసారి వేసుకునే మాత్ర గాని, ఏడాదికోసారి తీసుకునే ఇంజక్షన్ గాని వాడుతున్న పెద్దవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారూ చెప్పాలి.

నొప్పికి మాత్రల దుకాణంలో అడిగి ఏదో ఒకటి వేసుకోవద్దు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి ఐబుప్రొఫెన్ వంటివి హాని చేస్తాయి. ఆస్పిరిన్‌ను నొప్పి మాత్రగా అదనంగా వేసుకుంటే రక్తం ఆగదు. యాంటీబయాటిక్ రాసి ఇస్తే, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలను ఇంట్లో మరొకరికి ఇవ్వవద్దు.

ఆలస్యం చేయకుండా రావలసిన సూచనలు

కింది వాటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడవద్దు.

1. గాజుగుడ్డ అరగంట గట్టిగా కొరికి పట్టినా రక్తం ఆగకపోవడం.

2. మత్తు దిగవలసిన సమయం దాటినా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉండడం. ఇది నరం మీద ఒత్తిడికి గుర్తు కావచ్చు. ఆ రోజే ఫోను చేయండి. త్వరగా చూస్తేనే నరాన్ని కాపాడే అవకాశం ఎక్కువ.

3. మూడో రోజు తర్వాత కూడా వాపు పెరుగుతుండడం, జ్వరం, చీము, నోట్లో చెడు వాసన.

4. ఒకసారి తగ్గిన నొప్పి వారం తర్వాత మళ్ళీ మొదలు కావడం.

5. నీళ్ళు తాగితే ముక్కులోకి రావడం.

6. ఇంప్లాంట్ కదులుతున్నట్టు అనిపించడం.

మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, నాలుక కింద, మెడలో వాపు గట్టిపడినా అది అత్యవసరం. దంత విభాగం తెరిచేవరకు ఆగకుండా 108కి ఫోను చేసి దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పన్ను అమర్చిన తర్వాత

టైటానియంకు పుచ్చు పట్టదు. కాని దాని చుట్టూ ఉన్న చిగురుకు, ఎముకకు జబ్బు రాగలదు. అసలు పన్నుకి, ఎముకకి మధ్య సన్నటి మెత్తని పొర ఉంటుంది. గట్టిది కొరికితే వెంటనే తెలిసేది దానివల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అందుకే ఇబ్బంది చాలా ముదిరేవరకు నొప్పి తెలియకపోవచ్చు. చిగురు నుంచి రక్తం కారడం మొదటి హెచ్చరిక. రోజుకు రెండుసార్లు తోముకోవడం, పళ్ళ సందుల్లో సన్న బ్రష్‌తోనో దారంతోనో శుభ్రం చేసుకోవడం, ఆరు నెలలకోసారి చూపించుకోవడం జీవితాంతం సాగాలి.

మీకు వేసిన ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు రాసిన కార్డును అడిగి తీసుకోండి. దాన్ని ఆధార్ కార్డు, భూమి కాగితాలతో పాటు భద్రపరచండి. పదేళ్ళ తర్వాత మరో ఊళ్ళో మర వదులైనా, తొడుగు విరిగినా అక్కడి డాక్టరుకు సరైన పనిముట్టు ఏదో ఆ కార్డే చెబుతుంది.

అనేక దేశాల అధ్యయనాల ప్రకారం నూరు ఇంప్లాంట్లలో తొంభైకి పైగా పదేళ్ళ తర్వాత కూడా పనిచేస్తూనే ఉన్నాయి. కాబట్టి భయపడవలసినది ఏమీ లేదు. కుట్లు తీసిన రోజు ఇంటికి వెళ్ళగానే గోడ మీది క్యాలెండర్‌లో మూడో వారం నుంచి ఆరో వారం వరకు ఎర్ర పెన్సిలుతో గీత గీయండి. ఆ రోజుల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ విందులో కూర్చున్నా విస్తరిలో గట్టివి పక్కన పెట్టమని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.